బట్లరు గారి అమ్మాయి

పోయిన నెల వాల్తేరు అప్‌లాండ్స్ మీదుగా ఆటోలో వస్తుంటే ఒకచోట చుట్టూ నీలం రేకులు కట్టి ఉన్నాయి. లోపల పొక్లెయిను తిరుగుతోంది. ఇంకో అపార్ట్‌మెంటు లేస్తోందిలే అనుకునేదాన్నే గానీ, రేకుల పైనుంచి ఎర్ర ఇటుకల పొగగొట్టం కనబడింది. ఆటో ఆపించాను. బంగళా అప్పటికే నేలమట్టమైపోయింది. దాని వెనక విడిగా కట్టిన వంటిల్లు మాత్రం సగం మిగిలుంది. మా నాన్న వయసంతా ఆ వంటింట్లోనే గడిచింది.

"ఏటమ్మా, మీదేనా?" అన్నాడు ఆటో అబ్బాయి.

"మాది కాదు నాయనా. మా నాన్న పనిచేసిన ఇల్లు. బట్లరు."

ఆ మాట అతను ఎప్పుడూ విన్నట్టు లేదు. వెనక నుంచి ఆర్టీసీ బస్సు హారను మోగిస్తుంటే బండి కదిపేశాడు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయనకి బంగళా గుర్తుకు రాలేదు, న్యూయార్కులో తిన్న మటన్ చాపు గుర్తొచ్చింది, దాని బిల్లుతో సహా. పోర్టు ట్రస్టులో అకౌంట్సులో పనిచేసి రిటైరైన మనిషి, ఏ జ్ఞాపకమైనా అంకెలు వెంటేసుకునే వస్తుంది. నాకు ఆ వంటిల్లూ ఆ మటన్ చాపూ విడివిడి సంగతులు కావు. అందుకే రెండూ కలిపే రాస్తున్నాను.

*

మాది పెదవాల్తేరు. కరకచెట్టు పోలమాంబ గుడికి దగ్గర్లో, సందులో పెంకుటిల్లు. ఆ వీధిలో నా పేరు ఎవరికీ అక్కర్లేదు, "బట్లరు గారి అమ్మాయి" అంటే చాలు. నిజానికి నాన్న బట్లరు కాదు, వంటమనిషి. కానీ దొరల ఇంట్లో తెల్లచొక్కా వేసుకుని పనిచేసేవాళ్ళందరినీ మా వాళ్ళు బట్లరనే అనేవారు.

ఆయనకి వంట రావడం కూడా ఒక చిత్రం. యుద్ధం రోజుల్లో ఆఫీసర్ల మెస్సులో గిన్నెలు తోమడానికి చేరాడట, ఇంకా మీసం రాని వయసులో. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు వచ్చి హార్బరు మీద బాంబులు వేశాయి. ఊళ్ళో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పారిపోయారు. వాళ్ళతో పాటు మెస్సు వంటవాడూ పోయాడు. గిన్నెలు తోమే కుర్రాడి చేతికి గరిటె వచ్చింది. "జపానోడు బాంబెయ్యకపోతే నాకు వంటే రాదు" అనేవాడు నాన్న. ఆ మాట ఎంత మంది ముందు అన్నా, ప్రతిసారీ కొత్తగా నవ్వేవాడు.

విశాఖలో చమురు శుద్ధి కర్మాగారం 1957లో మొదలైంది. అప్పట్లో అది కాల్‌టెక్స్ వాళ్ళది, అమెరికా కంపెనీ. మా అమ్మ చివరిదాకా దాన్ని కాల్‌టెక్స్ అనే అంది. ఫ్యాక్టరీ మల్కాపురం వైపు. నాన్న పనిచేసిన దొర మాత్రం సముద్రపు గాలి తగిలే అప్‌లాండ్స్ మీద బంగళా తీసుకున్నాడు. ఆయనది టెక్సాస్. అలాంటి పేరుతో ఒక రాష్ట్రం ఉందని మా భూగోళం టీచరు కంటే ముందు నాన్నే నాకు చెప్పాడు. "అక్కడ మనుషుల కన్నా ఆవులెక్కువట" అన్నాడు. ఆ ఆవుల్ని ఏం చేస్తారో మాత్రం చెప్పలేదు.

వారానికి రెండుసార్లు, ఎవరైనా విందుకొస్తే మూడోసారీ, ఆ ఇంట్లో స్టేకు, అంటే నిప్పుల మీద కాల్చిన పెద్దమాంసం ముక్క, ఉండాల్సిందే.

*

వంటిల్లు బంగళాకి ఆనుకుని ఉండేది కాదు. వాసన, వేడి, పొగ గదుల్లోకి రాకుండా దూరంగా కట్టి, మధ్యలో రేకుల పంచ వేశారు. వానొస్తే నాన్న పళ్ళెం మీద మూత పెట్టుకుని ఆ పంచ కింద పరిగెత్తేవాడు. బడి లేని రోజుల్లో నేను మధ్యాహ్నం కేరేజీ పట్టుకెళ్ళేదాన్ని. పొద్దుట్నుంచి రాత్రిదాకా వండే మనిషికి ఇంటి నుంచి అన్నం! చిన్నప్పుడు అది నాకు వింతగా తోచలేదు.

తెల్లవారకుండానే సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి మాంసం తెచ్చేవాడు. అండర్‌కట్ కావాలంటే ముందురోజే చెప్పి ఉంచుకోవాలి. వెన్నెముక కింద, లోపలి వైపు దాక్కుని ఉండే సన్నటి కండ అది. కాళ్ళూ మెడా భుజాలూ రోజంతా కష్టపడతాయి కాబట్టి గట్టిగా ఉంటాయి. ఈ కండకి పనేమీ ఉండదు, అందుకే వెన్నలా మెత్తన. "దొరల కండ" అని నవ్వేవాడు, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని.

పొద్దున్న కోసిన మాంసం మధ్యాహ్నం వండితే నమల్లేక చావాలి. తక్కిన వంటవాళ్ళు పచ్చి బొప్పాయి రసం రాసేవారు. ఈ దొరకి అది గిట్టేది కాదు. పైపొర పిండైపోతుంది, లోపల అలాగే ఉంటుంది అనేవాడట. శుభ్రమైన గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కొన్ని రోజులు కదపకుండా ఉంచమని నేర్పాడు. మాంసంలోనే ఉండే ఎంజైములు దాన్ని మెల్లగా మెత్తబరుస్తాయి, పై తడి ఆరిపోయి రుచి చిక్కబడుతుంది. ఈ కారణాలు నేను సైన్సు టీచర్నయ్యాక తెలుసుకున్నవి. నాన్నకి గుడ్డ ఎంత తడిగా ఉండాలో, ఏ రోజుకి ఏ వాసన రావాలో తెలుసు. ఈ సంగతి ఇంట్లో చెబితే అమ్మ రెండు చెవులూ మూసుకుంది. "సచ్చినదాన్ని దాసుకుని దాసుకుని తింతారేటండీ!"

బొగ్గు దగ్గర నాన్న ఎవరి మాటా వినేవాడు కాదు. సరుగుడు బొగ్గే కావాలి. భీమిలి రోడ్డు పొడుగునా అప్పుడు సరుగుడు తోటలుండేవి. ఆ కర్ర బొగ్గు గట్టిది, వేడెక్కువ, చాలాసేపు నిలుస్తుంది. పొయ్యి మీద పెట్టే ఊచల జల్లెడ మా మావయ్య చేసిచ్చాడు. ఆయన షిప్‌యార్డులో వెల్డరు. ఓడలకి అతుకులు వేసే చేతులు కట్టిన జల్లెడ, అప్‌లాండ్స్‌లో ఇంత గట్టిది ఇంకోటి లేదని నాన్న గొప్ప.

నిప్పులు ఎర్రబడి, పైన బూడిద పల్చగా కమ్మాక, జల్లెడ మీద జానెడు ఎత్తులో అరచెయ్యి పెట్టి నాన్న లెక్కపెట్టేవాడు. మూడు దాటకముందే చెయ్యి లాగేసుకోవాల్సొస్తే నిప్పు తయారన్నమాట. మాంసానికి ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు. అంతే. మసాలా డబ్బా అటక మీదే. జల్లెడ మీద వేశాక ముట్టుకోకూడదు. కొవ్వు కరిగి నిప్పుల మీద పడి చుయ్‌మంటుంది, ఆ పొగ మళ్ళీ మాంసానికే పడుతుంది. ఒక్కసారి తిప్పాలి. రెండోసారి తిప్పేవాడు వంటవాడు కాడని ఆయన సిద్ధాంతం.

దింపాక అసలు కథ. ఇంకో పళ్ళెం బోర్లించి అలా వదిలెయ్యాలి. అప్పుడే కోస్తే రసమంతా పళ్ళెంలోకి కారిపోతుంది, కాసేపాగితే కండలోనే నిలుస్తుంది. ఈలోగా బంగళాలోంచి దొరసాని గంట మోగేది. చిన్న ఇత్తడి గంట, గణగణమని. బెయిరర్ పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి "అయిందా, అయిందా" అని గింజుకునేవాడు. నాన్న గోడకి ఆనుకుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ "కొట్టనీరా గంట" అనేవాడు. మిగతా వేళల్లో ఆ గంటకి ఉలిక్కిపడే మనిషి, ఆ కాసేపు మాత్రం కదిలేవాడు కాదు. ఆ గంట మోగడం, నాన్న కదలకపోవడం చూడటానికే నేను కేరేజీ ఇచ్చేసి కూడా అక్కడే తచ్చాడేదాన్ని.

ఓ రోజు పిలిచాడు. "ఇలా రా గుంటా. సెయ్యి సాపు."

చాపాను. "బొటనేలుని సూపుడేలుకి తగిలించు. ఇప్పుడు బొటనేలి కింద కండ నొక్కి సూడు. మెత్తగున్నాదా? అది పచ్చిది. మధ్యేలుకి తగిలించు. కొంచెం బిగిసింది కదా, దొరకి ఇలగుండాల. ఉంగరం ఏలుకైతే దొరసానికి. సిటికినేలుకి తగిలిత్తే గట్టిపడిపోద్ది, అది కలెక్టరాఫీసు నుంచి వచ్చినోళ్ళకి."

తర్వాత పళ్ళెంలో ఉన్నదాని మీద వేలితో ఒక్క నొక్కు నొక్కి, మూత పెట్టేశాడు. థర్మామీటరు లేదు, గడియారం లేదు. దానికన్నా పెద్ద వింత, ఆ ముక్క ఆయన ఒక్కనాడూ నోట్లో పెట్టలేదు. ఉప్పు చూడటానికి కూడా. రుచి తెలీని వంటకి ఊళ్ళో అంత పేరు తెచ్చుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

*

రాత్రి సైకిలు చప్పుడు వినబడగానే అమ్మ పెరటి తలుపు తీసేది. వీధి గుమ్మంలోంచి రావడానికి వీల్లేదు. నూతి దగ్గర నీళ్ళు తోడి ఉంచేది, చలికాలమైతే కాచి. నాన్న చొక్కా విప్పి తీగ మీద వేసి, నెత్తి మీద నుంచి పోసుకుని, వేరే పంచె కట్టుకుని అప్పుడు గడప దాటాలి. ఒక్క మాటా అనుకునేవారు కాదు. అమ్మకి ఆ జీతం కావాలి, ఆ వాసన వద్దు. నాన్నకి రెండూ అర్థమయ్యేవి.

ఆ చొక్కా మాత్రం తీగ మీద ఉండేది. బొగ్గు పొగ, మాడిన కొవ్వు, మిరియాలు, వెన్న, వాటి వెనకాల సన్‌లైట్ సబ్బు. పెరట్లో మంచం వేసుకుని పడుకుంటే ఆ వాసన మీదుగానే నిద్ర పట్టేది. హార్బరులో ఓడ కూత వినిపించేది. రిఫైనరీ మంట వెలుగుకి పడమటి దిక్కు ఆకాశం అర్ధరాత్రి కూడా ఎర్రగానే ఉండేది.

నాన్నకో పుస్తకం ఉండేది. పొడుగాటి చిట్టా పుస్తకం, నూనె మరకలతో. ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి అన్నీ తెలుగులోనే రాసుకున్నాడు. "టీబోను – ముందు ఎక్కువ నిప్పు – తిప్పి – పక్కకి జరుపు." "మస్టర్డు సాసు." "కారమిల్ కస్టర్డు – గిన్నె కదపరాదు." "దొరసాని అమ్మగారు కేకు." పేజీల మధ్యలో పాలవాడి లెక్క, నా స్కూలు ఫీజు. నాన్న పోయాక ఆ పుస్తకం నా దగ్గరే ఉండేది, బీరువా పైన అట్టపెట్టెలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలన్నీ పగిలిపోయాయి. రాత్రికి ఇంట్లో మోకాలి కింద దాకా నీళ్ళు. బీరువా మీంచి పడ్డ అట్టపెట్టె తేలుతూ కనబడింది. ఇంకు మొత్తం నీలం మరకలైపోయింది. కరెంటు లేని ఆ రోజుల్లో పేజీలు ఎండకి ఆరబెట్టాను గానీ అక్షరం మిగల్లేదు.

*

కాల్‌టెక్స్‌ని 1976లో ప్రభుత్వం తీసేసుకుంది. రెండేళ్ళకి అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. దొరలు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు మా దొర నాన్నకి ఒక పొడుగు కత్తి ఇచ్చాడు. అమ్మ దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు, అందుకని చాలాకాలం మావయ్య ఇంట్లోనే ఉంది.

తర్వాత కొన్నాళ్ళు ఒక క్యాంటీనులో సాంబారు వండాడు. దాని గురించి చెప్పుకోడానికేమీ లేదు, ఆయనా చెప్పేవాడు కాదు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో రష్యా నిపుణులు వచ్చారు. వాళ్ళ వంటకి మళ్ళీ పిలుపొచ్చింది. పూర్ణా మార్కెట్‌లో కూరగాయలమ్మే ఆడవాళ్ళు రష్యన్‌లో బేరాలాడుతున్నారని నాన్న పగలబడి నవ్వేవాడు. రష్యావాళ్ళ బోర్ష్ ఆయన లెక్కలో "బీట్‌రూట్ చారు". ఆ చారులోకి ఇంగువ వేద్దామనుకుని భయపడి మానేశానని చెప్పాడు. వేసే ఉంటాడని నా అనుమానం.

నా పెళ్ళి ఆ రోజుల్లోనే. పెళ్ళైన కొత్తలో మా ఆయన మొదటి బోనసు రాగానే బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్‌కి తీసుకెళ్ళారు. ఏసీ గాలికి నాకు వణుకు. మెనూలో పేర్లు చూసి ఆయన ధైర్యం చేసి సిజ్లర్ ఆర్డరిచ్చారు. వెయిటరు ఇనప పలక మీద పొగలు కక్కుతూ తెస్తుంటే హాల్లో తలలన్నీ మా వైపు తిరిగాయి. కింద క్యాబేజీ ఆకులు మాడుతున్నాయి. పైన కోడిముక్క, బఠానీలు, వేయించిన బంగాళాదుంపలు. మా ఆయన రుమాలుతో కళ్ళు తుడుచుకుంటూనే "బావుంది కదా?" అన్నారు. బావుందనే అన్నాను. కొత్త పెళ్ళికూతుర్ని, ఇంకేమంటాను?

ఆదివారం పుట్టింటికి వెళ్ళినప్పుడు నాన్న అన్నీ అడిగాడు. పలక ఎంత వేడిగా ఉంది, మాంసం ఎక్కడ కాల్చారు, ఎంతసేపు ఆపారు. చెప్పాను. "అంటే ఆపలేదన్నమాట. పొగేసి అమ్మేత్తన్నారు" అన్నాడు. అల్లుడు వింటున్నాడని అమ్మ కళ్ళెర్ర చేసింది. నాన్న వెంటనే గొంతు మార్చి "అయినా బాబూ, మంచి పేరున్న హోటలండి అది" అన్నాడు.

ఆయన ఆ హోటల్‌కి ఎప్పుడూ వెళ్ళలేదు. నేను రమ్మన్నా రాలేదు. "కూకుని తినడం నాకు రాదమ్మా" అనేవాడు.

*

నాన్న పోయిన చాలా ఏళ్ళకి, న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. మా పెళ్ళిరోజు అక్కడే వచ్చింది. "మీరిద్దరే వెళ్ళాలి, మేం రాం" అని న్యూయార్కులో కీన్స్ స్టేక్‌హౌస్‌లో టేబులు మాట్లాడి పెట్టాడు. వాడికి తాతయ్య కథలన్నీ కంఠతా వచ్చు. మేం పెద్దమాంసం తినమని తెలుసు. అక్కడ పొట్టేలు మాంసంతో చేసే మటన్ చాపు స్టేకుల కన్నా పేరున్నదని వెతికి మరీ పట్టుకున్నాడు.

ఎడిసన్‌లో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగాం. అక్కణ్ణుంచి 36వ వీధికి నడకే. ఉప్పాడ చీర, దాని మీద కోడలి కోటు, కాళ్ళకి బూట్లు. మా ఆయన రిటైర్మెంటు రోజు కుట్టించుకున్న సూటు. చలికి ఇద్దరం చేతులు పట్టుకుని నడిచాం. విశాఖలో అయితే బీచ్ రోడ్డు మీద కూడా ఆయన నాలుగడుగులు ముందే నడుస్తారు.

ఆ హోటల్ 1885 నాటిది. లోపల నల్లటి చెక్క గోడలు, గుడ్డి దీపాలు. తలెత్తితే కప్పు నిండా మట్టి పైపులు, పొడుగు కాడలవి, వేలకి వేలు. పాతకాలంలో ఇంగ్లండులో ఇలాంటి పైపులు ప్రయాణంలో విరిగిపోతాయని సత్రంలోనే దాచుకునేవారట. ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది. రూజ్‌వెల్ట్ పైపు ఉంది, ఐన్‌స్టీన్ పైపు ఉంది. యాభై వేలకి పైనే ఉంటాయని వెయిటరు చెప్పగానే మా ఆయన అడిగిన ప్రశ్న: "స్టాకు రిజిస్టరు ఎవరు రాస్తారు?" దానికోసం అప్పట్లో ఒక మనిషే ఉండేవాడని ఆ పెద్దాయన చెప్పాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ రాత్రి ఆయనకి నచ్చిన మొదటి సంగతి అది.

ఇంకో సంగతి నాకు నచ్చింది. ఒకప్పుడు అక్కడ ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు. లిల్లీ లాంగ్‌ట్రీ అనే నటి 1905లో కేసు వేసి గెలిచింది. గెలిచాక ఈకల శాలువా కప్పుకుని దర్జాగా వచ్చి కూర్చుని మటన్ చాపే తెప్పించుకుందని చెప్పుకుంటారు. నేనూ కోటు తీసి కుర్చీకి తగిలించి, పమిట సర్దుకుని, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

చాపు చాలా పెద్దదని అబ్బాయి ముందే చెప్పాడు కాబట్టి ఇద్దరికీ ఒక్కటే చెప్పాం. ఎలా కాల్చాలని వెయిటరు అడిగితే మా ఆయన "ఫుల్లు, ఫుల్లు" అన్నారు. నేను "మీడియం రేర్" అన్నాను, లోపల గులాబీగా ఉండేలా. ఆ మాట బయటికి అనడం జీవితంలో అదే మొదటిసారి. వెయిటరు ఇద్దరి వంకా చూసి, నేను చెప్పిందే రాసుకున్నాడు.

ఈలోగా పక్క టేబులుకి ఒక పెద్ద పళ్ళెం వెళ్ళింది. పోర్టర్‌హౌస్. ఆ స్టేకుల మాంసాన్ని వాళ్ళే చల్లగదిలో వారాల తరబడి ఆరబెట్టి ముదరనిస్తారట. పళ్ళెం మా పక్కనుంచి దాటిన ఆ క్షణంలో మా పెరట్లో తీగ మీది చొక్కా వాసన వచ్చింది. సబ్బు ఒక్కటే లేదు. మా ఆయన ముక్కు చిట్లించి ముఖం అటు తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు. అమ్మ గుర్తొచ్చింది, నీళ్ళు తోడిపెట్టి పెరటి తలుపు తీసే అమ్మ. తినని మాంసం వాసనకి కళ్ళు చెమర్చే మనిషిని ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను.

మా చాపు వచ్చింది. ముప్పావు కిలో దాకా ఉంటుంది. వెన్నెముక మధ్యలో ఉండేలా నడుం భాగాన్ని అడ్డంగా కోసిన ముక్క, రెండు వైపులా రెక్కల్లా కండ, అంచున కరకరలాడే కొవ్వు. ఫోర్కు పక్కన పెట్టి చూపుడువేలితో నొక్కాను.

"ఏం చేస్తున్నావ్? అందరూ చూస్తున్నారు!"

"చూడనీయండి" అన్నాను. రెండో చేత్తో బొటనవేలిని మధ్యవేలికి తగిలించి, దాని కింద కండ నొక్కి చూసుకున్నాను. సరిగ్గా అంతే బిగువు.

కోస్తే లోపల గులాబీ రంగు. "రక్తం!" అన్నారు మా ఆయన. పిల్లలకి చెప్పినట్టే చెప్పాను. రక్తం కోసినప్పుడే పోతుంది, ఇది కండలో ఉండే మయోగ్లోబిన్, ఆక్సిజన్‌ని పట్టి ఉంచే ప్రోటీన్, వేడెక్కువైతే గోధుమరంగులోకి మారుతుంది అని. "నీ సైన్సు నువ్వు తిను" అని ఆయన అంచుల్లో బాగా కాలినవి ఏరుకున్నారు.

ఎముకని తిప్పాను. కింద, లోపలి వైపు, అటొకటి ఇటొకటి చిన్న గుండ్రటి కండలు. అండర్‌కట్. చూడగానే తెలిసిపోయింది. ఒకటి కోసి మా ఆయన పళ్ళెంలో వేశాను. గులాబీగానే ఉంది గానీ ఏ కళనున్నారో, నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆగింది. మళ్ళీ మొదలైంది. "రెండోది కూడా నాకే పెట్టు" అన్నారు. పెట్టలేదు. అది నేనే తిన్నాను. ఉప్పు, పొగ, కొవ్వు, తర్వాత ఎక్కడో చివర తీపి. ఉప్పు ఒక పిసరు తక్కువే. నాన్న ఇంకొంచెం వేసేవాడు, చూడకుండానే.

పళ్ళేలు తీసేటప్పుడు వెయిటరు నా వేలి సంగతి అడిగాడు. చూశాడన్నమాట. మా నాన్న వంటవాడని, ఆయన నేర్పిందని చెప్పాను. ఏ రెస్టారెంటు అన్నాడు. రెస్టారెంటు కాదు, ఒక ఇల్లు అన్నాను. అతను తల ఊపి, తనకి ఆ లెక్క ఎన్నేళ్ళకీ కుదర్లేదని తన బొటనవేలు నొక్కుకుంటూ వెళ్ళాడు.

బిల్లు వచ్చింది. అది అబ్బాయి కార్డు మీద, టిప్పు మాత్రం మాది. మా ఆయన కళ్ళద్దాలు మార్చుకున్నారు. న్యూయార్కు అమ్మకం పన్ను 8.875 శాతం. దశాంశం తర్వాత మూడు అంకెలు చూసి ఆయనకి ఆ నగరం మీద గౌరవం పుట్టింది. పన్నుని రెండింతలు చేస్తే టిప్పు సరిపోతుందని అబ్బాయి నేర్పి పంపాడు. ఆయన అదీ చేశారు, ఇరవై శాతం లెక్కా వేశారు, తేడా చూశారు, దాన్ని రూపాయల్లోకి మార్చారు, కాసేపు మాట్లాడలేదు. చివరికి ఇరవై శాతమే పెట్టారు. "మీ నాన్నకి ఎవరైనా టిప్పు ఇచ్చేవారా?" అన్నారు నోట్లు పేరుస్తూ. క్రిస్మస్‌కి దొరసాని కేకు ఇచ్చేదని చెప్పాను. ఇంకో ఐదు డాలర్లు తీసి పైన పెట్టారు.

*

మిగిలిన ఎముకని పారెయ్యబోతుంటే మా ఆయనే ఆపి డబ్బాలో కట్టించారు. ఆ పెద్ద పేరున్న హోటల్ సంచీని ఒళ్ళో పెట్టుకుని ఎడిసన్ దాకా రైల్లో కూర్చున్నారు, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు.

మర్నాడు కోడలు దాన్ని కుక్కర్లో వేసి ఏడెనిమిది కూతలు రానిచ్చింది. ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి, ఫ్రోజెన్ ములక్కాడ ముక్కలు, చింతపండు, మేం ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళిన కారం. బొమికల పులుసు. మా ఆయన నెత్తిన చెమట కారుతుంటే అన్నంలో కలుపుకుని, ఎముక పట్టుకుని మూలుగ జుర్రి, మూడోసారి పులుసు పోయించుకున్నారు.

"ఇదిగో, దీనికివ్వచ్చు ఇరవై శాతం" అన్నారు.

కోడలు వెంటనే చెయ్యి చాపింది. ఆయన ఎడమ చేత్తో జేబులు తడుముకుని, విశాఖపట్నం వెళ్ళాక రూపాయల్లో పంపిస్తానన్నారు.